కిటికీ దగ్గర మరిచిపోయిన సీసా

మా ల్యాబ్‌లో సాయంత్రం ఆరు దాటితే ఆ రోజు వచ్చిన యూరిన్ సీసాలన్నీ పారబోసెయ్యాలి. అది రూల్. ఆ పని చూసేది మా సీనియర్ టెక్నీషియన్. వయసులో మా నాన్న కంటే రెండేళ్లే చిన్న కాబట్టి అందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. నేను అక్కడ పనిచేసినన్నాళ్లలో ఆయన చేతి కింద సీసా మిగలడం ఒక్కసారే చూశాను. ఆ ఒక్కటీ కిటికీ గట్టు మీద, స్టెయిన్ బాటిళ్ల వెనక, రాత్రంతా ఉండిపోయింది.

ముప్పై ఏళ్ల పైచిలుకు కిందటి మాట. పాథాలజీలో పీజీ చేసి అప్పుడే ఉద్యోగంలో చేరాను. ఆ సీసా ఎనిమిది నెలల బాబుది. జ్వరం వస్తోందని యూరిన్ రొటీన్ పంపారు. చూడ్డానికి మామూలు లేత పసుపు. చీము కణాలు లేవు, ప్రోటీన్ లేదు. పసివాడు కాబట్టి బెనెడిక్ట్ పరీక్ష కూడా చేశాం. నీలం ద్రావణం వేడెక్కాక అడుగున నారింజ రంగు మడ్డి దిగింది, పైన తేరిన ద్రవం గోధుమ రంగుకి తిరిగింది. చక్కెర ఉందన్నమాట అనుకుని స్ట్రిప్ ముంచితే గ్లూకోజ్ గడిలో రంగే మారలేదు. ఒక పరీక్ష ఉందంటోంది, ఇంకోటి లేదంటోంది. గెలాక్టోజ్ లాంటి ఇంకో రకం చక్కెర అయ్యుంటుందిలే, రేపు చూద్దాం అనుకుని రిపోర్టు పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి పెద్దాయన జూనియర్ల మీద కేకలేస్తున్నారు. ఎవరో ఆ సీసాలో ఇంకు పోశారని ఆయన కోపం. దగ్గరికి వెళ్లి చూశాను. పైన, గాలి తగిలే చోట, తారులా నలుపు. కిందికి వచ్చేకొద్దీ ముదురు గోధుమ. అడుగున రెండు వేళ్ల మందాన ఇంకా నిన్నటి పసుపే. ఇంకు పోస్తే ఇలా ఉండదు, మొత్తం కలిసిపోతుంది. ఇక్కడ నలుపు మెల్లమెల్లగా పైనుంచి కిందికి దిగుతోంది.

"పారబొయ్యనా డాక్టరమ్మా?" అన్నారు పెద్దాయన, తప్పు తనదేనని అప్పటికి గుర్తొచ్చినట్టుంది.

"ఉండండి, మేడమ్‌ని రానివ్వండి" అన్నాను.

మేడమ్ అంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్. వచ్చారు. సీసాని ముట్టుకోలేదు. వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చాలాసేపు చూశారు. "నిన్న ఏ రంగు?" అన్నారు. చెప్పాను. బెనెడిక్ట్ సంగతీ స్ట్రిప్ సంగతీ చెప్పాను. "తల్లితో మాట్లాడావా?"

మాట్లాడాను. అసలు ఆవిడే నాతో మాట్లాడింది. ముందురోజు శాంపిల్ ఇస్తూ, "బాబు పొత్తిగుడ్డలు ఎంత ఉతికినా నల్లబడుతున్నాయి డాక్టరు గారూ, ఉతికినకొద్దీ ఇంకా నల్లగా అవుతున్నాయి" అంది. సరిగ్గా ఉతకడం రాదని ఇంట్లో మాట పడుతోందట, మూడు రకాల సబ్బులు మార్చిందట. నేను తలూపి, శాంపిల్ మీద నంబరు వేసి, తరవాతి వాళ్లని పిలిచాను. సబ్బులో క్షారం ఉంటుంది, క్షారం తగిలితే ఆ నలుపు ఇంకా వేగంగా వస్తుంది అని నేను పుస్తకంలో చదివే ఉన్నాను. చదివింది, విన్నది నా బుర్రలో రెండు వేరే అరల్లో ఉండిపోయాయి.

తాజాగా ఇంకో శాంపిల్ తెప్పించారు మేడమ్. పసుపుగానే ఉంది. టెస్ట్‌ట్యూబులో కొంచెం పోసి, పలచని ఫెర్రిక్ క్లోరైడ్ ఒక చుక్క వేశారు. చుక్క పడ్డ చోట ముదురు నీలం మెరిసి, ఇదిగో అనేలోపే మాయమైపోయింది. ఇంకో చుక్క, మళ్లీ నీలం, మళ్లీ మాయం. పెద్దాయన చిన్నపిల్లాడిలా "ఇంకోటి వెయ్యండి మేడమ్" అన్నారు. ఇంకో ట్యూబులో సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం వేస్తే, రాత్రంతా జరిగింది నిమిషాల్లో మా కళ్లముందే జరిగింది.

ఆల్కాప్టన్యూరియా. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో విడిపోయే దారిలో ఒక ఎంజైమ్ పనిచెయ్యదు, దాంతో హోమోజెంటిసిక్ ఆమ్లం పేరుకుని మూత్రంలో పోతుంది. గాలి తగిలితే నల్లబడేది అదే. బెనెడిక్ట్‌ని మోసం చేసిందీ అదే. రెండున్నర లక్షల నుంచి పది లక్షల మందిలో ఒకరికి వస్తుందని లెక్క. స్లొవాకియాలో మాత్రం బాగా ఎక్కువ, పంతొమ్మిది వేల మందిలో ఒకరికి. ఇంత అరుదైన జబ్బుకి వైద్యశాస్త్రంలో ఉన్న చోటు చాలా పెద్దది. లండన్‌లో ఆర్చిబాల్డ్ గారోడ్ 1902లో దీని గురించి రాస్తూ, ఇది అంటురోగం కాదు, పుట్టుకతో వచ్చే రసాయన తేడా అన్నాడు. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గర చుట్టాలని గమనించి, మెండెల్ సూత్రాలకి దీన్ని ముడిపెట్టాడు. అప్పటికి జన్యువు అన్న మాటే లేదు. ఆయన కూడా ఒక కుటుంబంలో కొత్తగా పుట్టిన బిడ్డ గుడ్డల్ని మొదటి గంటల నుంచీ కనిపెట్టి చూడమని నర్సుకి చెప్పాడు. మూడో రోజుకల్లా మరక కనిపించింది. గారోడ్ గుడ్డల గురించి అడిగి తెలుసుకున్నాడు, నేను ఆవిడ చెప్పినా వినిపించుకోలేదు.

తల్లిని కూర్చోబెట్టి మేడమ్ చెప్పారు. బాబు బాగా పెరుగుతాడు, చదువుకుంటాడు, ఆడుకుంటాడు, మీ ఉతుకులో తప్పేమీ లేదు. ఆ చివరి మాటకే ఆవిడ ఏడ్చింది. ముప్పైల్లోకి వచ్చాక నడుమూ కీళ్లూ నొప్పి పెట్టొచ్చని, ఆ పదార్థం మృదులాస్థిలో పేరుకుని దాన్ని నల్లబరుస్తుందని కూడా చెప్పారు. మందుందా అని అడిగింది. "ప్రస్తుతానికి లేదమ్మా" అన్నారు మేడమ్.

ఆ సాయంత్రం మేడమ్ నాతో ఒక నోట్‌బుక్ కొనిపించారు. అరుదైన జబ్బులు రాసుకోమన్నారేమో అనుకున్నాను. కాదు. "రెండు సంగతులు ఒకదానితో ఒకటి కుదరకపోతే అది రాయి. డయాగ్నోసిస్ గడి ఖాళీగా వదిలెయ్. తెలిసినప్పుడు నింపుదువుగాని" అన్నారు. అట్ట మీద "లెక్క తేలనివి" అని రాశాను. ఇప్పుడు అలాంటి నోట్‌బుక్కులు పదకొండు అయ్యాయి. చాలా గడులు నిండాయి. కొన్ని ఖాళీగానే ఉన్నాయి, వాటిని చూసినప్పుడు ఇప్పటికీ కాస్త చిరాగ్గానే ఉంటుంది.

మొదటి పేజీ నా తప్పుదే. అప్పుడే మాకు కొత్తగా సెల్ కౌంటర్, అంటే రక్తకణాలు లెక్కపెట్టే మెషీన్ వచ్చింది, దాని మీద నాకు దేవుడంత నమ్మకం. చిన్న ఆపరేషన్‌కి చేరిన ఒకావిడకి ప్లేట్‌లెట్లు 14 వేలని చూపించింది. వార్డుకి ఫోన్ చేసి హడావుడి చేశాను. ఆపరేషన్ ఆపేశారు, ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి దాతల్ని వెతకడం మొదలుపెట్టారు. మేడమ్ వచ్చి అడిగింది ఒక్కటే, "మనిషి ఎలా ఉంది?" వెళ్లి చూస్తే మనిషి మంచం మీద కూర్చుని పక్క పేషెంటుకి జడ వేస్తోంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, చిగుళ్లలో రక్తం లేదు. నిజంగా 14 వేలయితే ఎక్కడో ఒకచోట ఒళ్లు చెప్పాలి. స్లైడ్ చూశానని బుకాయించాను గానీ నేను చూసింది మధ్యలోనే. స్లైడ్ మీద రక్తం పొర పలచబడే తోక దగ్గర ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా, ఒక్కో గుంపు తెల్లకణం కంటే పెద్దగా, అతుక్కుని ఉన్నాయి. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్లే కొందరి ప్లేట్‌లెట్లు ఇలా అతుక్కుంటాయి. శరీరంలో ఆ గుంపులు ఉండవు, ట్యూబులోనే ఉంటాయి. మెషీన్ వాటిని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీస్తే 2 లక్షల 10 వేలు వచ్చింది. సిట్రేట్ ద్రవంతో రక్తం పలచబడుతుంది కాబట్టి 1.1తో హెచ్చిస్తే 2 లక్షల 31 వేలు. ఆవిడకి ఏ జబ్బూ లేదు. దాదాపు వెయ్యిమందిలో ఒకరికి ఇలా ఉంటుంది, అరుదని కూడా అనలేం. దీనివల్ల అనవసరంగా స్టెరాయిడ్లు మింగినవాళ్లు, బోన్ మారో పరీక్ష దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. నావల్ల ఒకావిడ ఆపరేషన్ రెండు రోజులు వాయిదా పడింది.

ఆ తరవాత మెషీన్ కాగితం చేతికొస్తే ముందు హిమోగ్లోబిన్‌ని మూడుతో హెచ్చించి చూడడం అలవాటైంది. హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఇంచుమించు అంతే ఉండాలి. పాతకాలపు లెక్క, ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఒక చలికాలం పొద్దున ఆ లెక్కే నన్ను ఆపింది. మూడు వారాలుగా దగ్గుతో ఉన్న మనిషి. హిమోగ్లోబిన్ 9.8. మూడుతో హెచ్చిస్తే 29 దాకా రావాలి. కాగితం మీద హిమటోక్రిట్ 18. ఎర్రకణాలు 15 లక్షలు, ఒక్కో కణం సైజు 118, కణాల్లో హిమోగ్లోబిన్ చిక్కదనం చెప్పే ఎంసీహెచ్‌సీ 54. ఎర్రకణంలో హిమోగ్లోబిన్ పట్టడానికి ఒక హద్దుంది. 36 దాటితే అనుమానించాలి, 54 అంటే సంచిలో సంచి కంటే ఎక్కువ సరుకు కుక్కినట్టు. జూనియర్ కుర్రాడు మెషీన్ పాడైందని ఇంజినీరుకి ఫోన్ చెయ్యబోతున్నాడు.

పెద్దాయన ట్యూబుని మెల్లగా పక్కకి వంచి గోడవైపు చూపించారు. "ఇసక చూడండి డాక్టరమ్మా" అన్నారు. నిజమే, గాజు గోడ మీద ఎర్రటి ఇసక జారుతున్నట్టు సన్నటి పలుకులు. ఆయన ఆ ట్యూబుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, మూత దగ్గర వేలు అడ్డంపెట్టి, కబుర్లు చెబుతూ కూర్చున్నారు. కాసేపటికి చేతులు తెరిస్తే ఇసక లేదు, నున్నటి రక్తం. బల్ల మీద పెట్టిన కొన్ని నిమిషాలకి మళ్లీ ఇసక.

కోల్డ్ అగ్లుటినిన్. చల్లదనం తగిలితే ఎర్రకణాల్ని ఒకదానికొకటి అతికించే యాంటీబాడీ. రెండు మూడు అతుక్కున్న కణాల్ని మెషీన్ ఒకే పెద్ద కణం అనుకుంటుంది. అందుకే లెక్క తగ్గి, సైజు పెరిగింది. హిమోగ్లోబిన్ మాత్రం కణాల్ని పగలగొట్టి కొలుస్తుంది కాబట్టి అది నిజమే చెప్పింది. 37 డిగ్రీల వాటర్ బాత్‌లో అరగంట ఉంచి వెంటనే నడిపితే ఎర్రకణాలు 31 లక్షలు, సైజు 96, ఎంసీహెచ్‌సీ 33. అన్నీ బుద్ధిగా దారికొచ్చాయి. దగ్గుకి కారణం మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా అని తరవాత తేలింది. ఈ యాంటీబాడీకి అది పేరుపడ్డ కారణం. ఇంజినీరు కూడా మధ్యాహ్నానికి వచ్చాడు, పాపం, బాగున్న మెషీన్‌ని తుడిచి వెళ్లాడు.

స్లైడ్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టేముందు వెలుతురుకి ఎత్తి ఉత్త కంటితో చూడడం మేడమ్ నేర్పిన ఇంకో అలవాటు. కోల్డ్ అగ్లుటినిన్ ఉంటే స్మియర్, అంటే స్లైడ్ మీద పరిచిన రక్తం పొర, గరుకు గరుకుగా కనిపిస్తుంది. ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్ మైలోమా స్లైడ్ అయితే రక్తంలో ప్రోటీన్ ఎక్కువై మొత్తానికే నీలం ఛాయ తిరిగి ఉంటుంది. మేడమ్ అలా ఎత్తి చూసి, "ఇది మైలోమా ఏమో, ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఉన్నాయో లేదో చూడు" అని నా చేతిలో పెట్టేవారు. ఎక్కువసార్లు ఉండేవి. రెండుసార్లు మాత్రం స్టెయిన్ పాడై నీలంగా వచ్చింది, ఆ రెండూ పెద్దాయన చాన్నాళ్లు చెప్పుకుని నవ్వేవారు.

అన్ని పేజీలూ జబ్బులవి కావు. ఒక తొమ్మిదేళ్ల పాప ఫైలు ఇంత లావుంది. ఎప్పుడు రక్తపరీక్ష చేయించినా, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌లో సగానికి పైగా బ్యాండ్ ఫారమ్స్, లెఫ్ట్ షిఫ్ట్ అని రిపోర్టు. అంటే ఒంట్లో గట్టి ఇన్ఫెక్షన్ ఉండి ఎముక మజ్జ పచ్చి కణాల్ని బయటికి పంపుతోందని అర్థం. ప్రతిసారీ యాంటీబయాటిక్. పాపేమో ల్యాబ్ వరండాలో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. తెల్లకణాల మొత్తం లెక్క కూడా మామూలే. స్లైడ్ చూస్తే న్యూట్రోఫిల్స్‌కి న్యూక్లియస్‌లో మూడు నాలుగు తమ్మెలు ఉండాల్సింది రెండే ఉన్నాయి. సన్నటి దారంతో కలిపిన రెండు గుండ్రటి బిళ్లలు, ముక్కు మీద కూర్చోబెట్టుకునే పాతకాలపు కళ్లద్దాల్లా. న్యూక్లియస్ లోపలి పదార్థం, క్రోమాటిన్, మాత్రం ముదురుగా, ముద్దలు ముద్దలుగా ఉంది. పచ్చి కణంలో అలా ఉండదు. ముదిరిన కణమే, ఆకారమే తేడా.

పాపని తీసుకొచ్చిన నాన్నని చెయ్యి చాపమన్నాను. "పరీక్ష నాకు కాదండీ, పాపకి" అన్నాడు. తెలుసన్నాను. వేలు పొడిచి ఒక చుక్కతో స్మియర్ లాగాం. పది నిమిషాల తరవాత అవే కళ్లద్దాలు. పెల్గర్ హ్యూయెట్ అనామలీ. కుటుంబంలో దిగుతుంది, ఎవరికీ ఏమీ చెయ్యదు, ఆ కణాలు మామూలుగానే పనిచేస్తాయి. దీన్ని 1928లో మొదట రాసిన పెల్గర్ కూడా పొరపడ్డాడు. తాను చూసింది క్షయ రోగుల్లో కాబట్టి, ఇది క్షయ ముదిరిన గుర్తనుకున్నాడు. ఇది వంశపారంపర్యంగా వచ్చే హానిలేని తేడా అని కొన్నేళ్లకి హ్యూయెట్ చెప్పాడు. పాపకి ఒక కాగితం రాసిచ్చాం, ఎక్కడ రక్తపరీక్ష చేయించినా ముందు ఇది చూపించమని. నా ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో బాగా పనికొచ్చింది అదేననుకుంటాను. అయితే పెద్దవయసులో కొత్తగా ఇలాంటి కణాలు కనిపిస్తే సంగతి వేరు, అప్పుడు ఎముక మజ్జ జబ్బుని వెతకాలి. అదీ చూశాను, అది ఇంకో పేజీ.

ఇక రాయబుద్ధి కాని పేజీ ఒకటుంది. పధ్నాలుగేళ్ల అబ్బాయి, జ్వరం, విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం, సీఎస్‌ఎఫ్, మధ్యాహ్నం తీశారు, ఎవరో ఫ్రిజ్‌లో పెట్టారు, సాయంత్రం నా బల్ల మీదికొచ్చింది. చీముకణాలు నిండా ఉన్నాయి, గ్లూకోజ్ 18, ప్రోటీన్ ఎక్కువ. గ్రామ్ స్టెయిన్‌లో బ్యాక్టీరియా ఒక్కటీ లేదు. ఇంత చీములో బ్యాక్టీరియా లేకపోవడం కుదరలేదు. ముందే ఎక్కడో యాంటీబయాటిక్ వేసుంటారని సర్దిచెప్పుకున్నాను. న్యూట్రోఫిల్స్ 80, లింఫోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాలు 20 అని రాసి సంతకం పెట్టాను.

రాత్రి ఒంటిగంటకి అబ్బాయి స్పృహ తప్పాడని మళ్లీ సీఎస్‌ఎఫ్ తీసి పంపారు. డ్యూటీ నాదే. వార్డ్ బాయ్ ట్యూబుని గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, వెచ్చగా ఉంది. ఛాంబర్‌లో వేసి లెక్కపెడుతున్నాను. ఎడమ మూల నుంచి ఒక్కో గడి. మూడో గడిలో ఉన్న లింఫోసైట్‌ని లెక్కపెట్టి నాలుగో గడికి వెళ్లాను. మళ్లీ లెక్క సరిచూసుకుందామని వెనక్కొస్తే మూడో గడిలో అది లేదు. గీత దాటి నాలుగో గడిలో ఉంది. కళ్లు నులుముకున్నాను. ద్రవం కదులుతోందేమో అనుకున్నాను. పక్కనున్న చీముకణాలు ఉన్నచోటే ఉన్నాయి. అది మాత్రం ఒకవైపు గుండ్రటి బుడగలా ఉబ్బి, మిగతా ఒంటిని ఆ బుడగలోకి లాక్కుని, ఇంకోవైపు ఉబ్బుతూ వెళ్తోంది. నేను సాయంత్రం లింఫోసైట్లని రాసిన ఆ 20 శాతంలో ఇవి ఎన్నో.

నిగ్లేరియా ఫౌలెరీ. వెచ్చని మంచినీటిలో బతికే అమీబా. నీళ్లు తాగితే ఏమీ కాదు, ఈదేటప్పుడో మునిగేటప్పుడో ముక్కులోకి బలంగా పోతే, వాసన నరాల వెంట మెదడుకి ఎక్కుతుంది. ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు 1965లో ఆస్ట్రేలియా నుంచి దీన్ని మొదట రాశారు. చల్లబడితే కదలదు, కదలకపోతే తెల్లకణంలాగే ఉంటుంది. అందుకే ఆ శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఒక చుక్కని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి 37 డిగ్రీల దగ్గర పెట్టాను. గంటన్నరకి కొన్ని సొరగింజ ఆకారంలోకి మారి, రెండు తోకలతో గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. వార్డుకి ఫోన్ చేస్తే, అవును, పది రోజుల కిందట స్నేహితులతో ఈతకెళ్లాడన్నారు. ఆంఫోటెరిసిన్ అనే మందు మొదలుపెట్టారు. మూడో రోజు అబ్బాయి పోయాడు.

సాయంత్రమే తెలిసినా బతికేవాడు కాదని అందరూ అన్నారు. నిజమే అయ్యుంటుంది. అమెరికాలో 1962 నుంచి 2022 దాకా 157 మందికి వస్తే బతికింది నలుగురే. ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. ఆ పేజీలో డయాగ్నోసిస్ గడి నింపాను గానీ, పక్కన సాయంత్రం ఆరింటికి నేను రాసిన అంకెలు కూడా అలాగే ఉంచాను, కొట్టెయ్యలేదు.

తరవాత చాలా పరీక్షలే పోయాయి. ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బుని పట్టిచ్చే ఎల్‌ఈ సెల్ చూసిన వాళ్లం ఇప్పుడు ఎంతమందిమి ఉన్నామో. గడ్డకట్టిన రక్తాన్ని వైరు జల్లెడలోంచి రుద్ది, వెచ్చగా ఉంచి, పైపొరతో స్మియర్లు లాగి, ఒక్క కణం కోసం గంటలు గంటలు వెతకాలి. న్యూట్రోఫిల్ ఊదారంగు నున్నటి ముద్దని మింగి, తన న్యూక్లియస్‌ని అంచుకి నెట్టేసుకుని ఉంటుంది. హార్‌గ్రేవ్స్ వాళ్లు 1948లో మేయో క్లినిక్ నుంచి రాశాక, లూపస్ అని గట్టిగా చెప్పడానికి అదొక్కటే దారిగా ఉండేది. దొరికితే ల్యాబ్ అంతా లైన్లో నిలబడి చూసేవాళ్లం. ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష వచ్చాక అది పోయింది, పోవడమే మంచిది, కళ్లు పోయేవి. మైలోమా రోగుల మూత్రంలో కనిపించే బెన్స్ జోన్స్ ప్రోటీన్ కోసం యూరిన్ వేడి చెయ్యడం కూడా పోయింది. దాని మీద మాత్రం నాకు బెంగ ఉంది. 1845లో లండన్‌లో బెన్స్ జోన్స్ చూసిందే మేమూ చూసేవాళ్లం. అరవై డిగ్రీల లోపే తెల్లగా విరుగుతుంది, మరిగించేసరికి కరిగి తేటపడుతుంది, చల్లారుతుంటే మళ్లీ విరుగుతుంది. ఏ ప్రోటీనైనా వేడికి విరిగాక మళ్లీ కరగడమేమిటి? ప్రోటీన్లని కరెంటుతో విడదీసి చూపించే ఎలక్ట్రోఫొరెసిస్ గీత ఎంత కచ్చితమైనదైనా ఆ ప్రశ్న అడిగించదు.

బ్లడ్ బ్యాంక్‌లో ఉన్న ఆరు నెలల్లో ఒకే ఒక్క పేజీ రాశాను. గ్రూపు ఓ అని వచ్చిన మనిషికి ఓ గ్రూపు రక్తం బ్యాగు ఒక్కటీ మ్యాచ్ కాలేదు. ఆరు బ్యాగులు మార్చాక జూనియర్ ఏడుపు మొహం పెట్టింది. కణాల మీద హెచ్ అనే పదార్థం ఉంటే వాటిని అతికించే యాంటీ హెచ్ వేస్తే కణాలు అతుక్కోలేదు. బాంబే గ్రూపు. భెండే బృందం 1952లో బొంబాయిలో కనిపెట్టింది కాబట్టి ఆ పేరు. ఏ, బి లకే కాదు, ఓ గ్రూపు వాళ్లకి కూడా ఉండే హెచ్ పునాదే వీళ్లకి ఉండదు. ఇలాంటి వాళ్లకి ముందు వెతకాల్సింది తోబుట్టువుల్లోనే, ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఈయన చెల్లెలు సరిపోయింది.

ఇప్పుడు రిటైరయ్యాను. వారంలో రెండు రోజులు స్లైడ్లు చూడ్డానికి పాత ల్యాబ్‌కే వెళ్తున్నాను. మేడమ్ లేరు. పెద్దాయన కొడుకు దగ్గర ఉంటున్నారు, ఎనభై దాటాయి, ఫోన్‌లో మాత్రం హుషారు. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ముప్పై దాటిన మనిషి ఒకాయన వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి మడతలు చిరిగిన కాగితం తీశాడు. కింద సంతకం మేడమ్‌ది, పైన చేతిరాత నాది. "అమ్మ దాచింది" అన్నాడు.

నడుం నొప్పితో ఏడాదిగా తిరుగుతున్నాడట. ఎక్స్‌రేలో వెన్నుపూసల మధ్య డిస్కులన్నీ సున్నం పట్టి తెల్లగా ఉన్నాయి. నేను ముందు చూసింది కళ్లలోకి. తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డుకి అటూ ఇటూ, బూడిదరంగు మచ్చలు. చెవి తమ్మెకి పైన మృదులాస్థి నీలంగా తిరిగింది. అన్నీ మేడమ్ చెప్పినట్టే, చెప్పిన వయసుకే.

అప్పుడు లేని మందు ఇప్పుడుంది. నిటిసినోన్. కలుపు మందుల పరిశోధనలోంచి పుట్టి, 1990లలో వేరే టైరోసిన్ జబ్బుకి పిల్లల్ని బతికించి, చివరికి దీని దాకా వచ్చింది. 138 మంది మీద చేసిన ట్రయల్‌లో మూత్రంలో హోమోజెంటిసిక్ ఆమ్లం 99 శాతానికి పైగా తగ్గింది. 2020లో యూరప్‌లో పెద్దవాళ్లలో ఈ జబ్బుకి అనుమతిచ్చారు. పాడైన డిస్కుల్ని అది బాగుచెయ్యదు, ముందుకు జరగబోయేదాన్ని నెమ్మది చేస్తుంది. రక్తంలో టైరోసిన్ పెరుగుతుంది కాబట్టి కళ్లు చూపించుకుంటూ, ప్రోటీన్ తగ్గించి తినాలి. ఇవన్నీ స్పెషలిస్టు చెప్పాల్సినవి, ఆయన దగ్గరికే పంపాను. మందు చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టింది.

మొదలుపెట్టిన మూడు నెలలకి వచ్చి శాంపిల్ ఇచ్చాడు. పరీక్షకి పంపాల్సింది పంపాక కొంచెం మిగిలింది. దాన్ని చిన్న సీసాలో పోసి, మూత తీసేసి, కిటికీ గట్టు మీద పెట్టాను. ఎవరూ ముట్టుకోవద్దని కాగితం అంటించి మరీ వెళ్లాను. ఆ రోజు నా డ్యూటీ కాకపోయినా మర్నాడు ఏడింటికే ల్యాబ్‌కి వెళ్లాను, తాళాలు తీసేవాడు కూడా ఇంకా రాలేదు.

పైనుంచి అడుగుదాకా పసుపుగానే ఉంది. ఫోటో తీసి పెద్దాయనకి పంపాను, ఎవరిదో, ఎప్పటిదో రాశాను. చాలాసేపు జవాబు లేదు. నేను బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"ఆరు దాటి ఎంతసేపయింది డాక్టరమ్మా, ఇంకా పారబొయ్యలేదా?" అన్నారు.